ఎం.సి.ఏ. చదువులో ‘అప్లికేషన్’ ఎక్కడుంది?

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి ఒక సమీక్ష

మాస్టర్ ఆఫ్ కంప్యూటర్ అప్లికేషన్స్ అన్న పేరులో బరువంతా చివరి మాట మీదే ఉంది. యంత్రం వెనుక ఉన్న సిద్ధాంతం సంగతి కంప్యూటర్ సైన్స్ చూసుకుంటుంది. ఆ యంత్రంతో బ్యాంకు ఖాతా, రైలు టికెట్టు, ఆసుపత్రి చీటీ, కర్మాగారం స్టాకు ఎలా నడపాలో నేర్పడానికి ఎం.సి.ఏ. పుట్టింది. నలభై ఏళ్లు దాటిన ఈ కోర్సులో ఆ చివరి మాటకు ఇప్పుడు ఎంత చోటు మిగిలిందన్నదే ఈ వ్యాసం ప్రశ్న.

దీన్ని అడగడానికి ఈ మూడు ఊళ్లకంటే మంచి చోటు నాకు కనిపించలేదు. గుంతకల్లు నుంచి బెంగళూరు పోయే రైలుమార్గంలో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి మూడూ శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఇక్కడి డిగ్రీ కాలేజీలకు పెద్దదిక్కు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, ఇంజినీరింగ్ కాలేజీలకు జె.ఎన్.టి.యు. అనంతపురం. రెండూ ఉత్తరాన ఉన్నాయి. ఉద్యోగాలు దక్షిణాన, హిందూపురానికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో బెంగళూరులో ఉన్నాయి. చదువుకు పైకీ కొలువుకు కిందికీ తిరిగే పిల్లలు దాటిపోయే ఈ నడిమి నేల మీద పట్టుమగ్గాలున్నాయి, పట్టుగూళ్ల మార్కెట్టుంది, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల కర్మాగారముంది. ప్రతి ఒక్కటీ ఒక అప్లికేషనే. పాఠ్యక్రమం మాత్రం వీటి వైపు తల తిప్పకుండా సాగిపోతోంది. అలా ఎందుకైందో, ఏం చేస్తే మారుతుందో ఒక్కొక్క అంశంగా చూద్దాం.

ఆరు సెమిస్టర్ల నుంచి నాలుగుకు

1970ల చివరికి దేశంలో కంప్యూటర్లు పెరుగుతున్నాయి, నడిపే మనుషులు చాలడం లేదు. ఇంజినీరింగ్ సీట్లు అప్పట్లో కొద్దే. గణితం చదివిన బి.ఎస్సీ. పట్టభద్రులు మాత్రం దేశమంతా ఉన్నారు. ఐ.ఐ.టి. కాన్పూర్‌లో కంప్యూటర్ సైన్స్ బోధనకు పునాది వేసిన ప్రొఫెసర్ వి. రాజారామన్ అధ్యక్షతన ఏర్పాటైన కమిటీ ఈ పట్టభద్రుల వైపు చూసింది. వారికి మూడేళ్ల పీజీ కోర్సు పెట్టాలన్న ఆ ఆలోచన నుంచే 1980ల మొదట్లో ఎం.సి.ఏ. తరగతులు మొదలయ్యాయి.

ఆ మూడేళ్ల పాఠాల కూర్పులో ఒక వివేకం ఉంది. సి భాష, డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌ల పక్కనే అకౌంటింగ్, సంస్థల నిర్వహణ, సంభావ్యత, గణాంకశాస్త్రం, ఆపరేషన్స్ రీసెర్చ్ ఉండేవి. చాలాకాలం మన రాష్ట్రంలోని జె.ఎన్.టి.యు. ఎం.సి.ఏ.లో కూడా అకౌంటింగ్ అండ్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ తప్పనిసరి సబ్జెక్టు. ప్రోగ్రామర్ అయ్యేవాడికి జమాఖర్చుల పుస్తకం దేనికని పిల్లలు విసుక్కునేవారు. అప్లికేషన్ అంటే ఇంకొకరి పనిని అర్థం చేసుకోవడం. జమాఖర్చు తెలియనివాడు దుకాణానికి సాఫ్ట్‌వేర్ రాయలేడు. ఆ కూర్పు వెనుక ఉన్న ఎరుక అదే.

2020–21 విద్యాసంవత్సరం నుంచి అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఎ.ఐ.సి.టి.ఇ.) కోర్సును రెండేళ్లకు కుదించింది. అప్పటికే బి.సి.ఏ. చదివినవారు లేటరల్ ఎంట్రీలో నేరుగా రెండో ఏడాదికి వస్తున్నారు కాబట్టి, ఏడాది ఫీజు, ఏడాది వయసు కలిసొస్తాయి కాబట్టి ఈ నిర్ణయాన్ని తప్పు పట్టలేం. దాని లెక్క మాత్రం జాగ్రత్తగా చూడాలి. ఆరు సెమిస్టర్లలో చివరిది ప్రాజెక్టుకు పోతే పాఠాలకు ఐదు మిగిలేవి. నాలుగింటిలో చివరిది ప్రాజెక్టుకు పోతే మిగిలేది మూడు. చదువు మూడింట ఒక వంతు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ పాఠాలకు దక్కే కాలం ఐదింట రెండు వంతులు తగ్గింది. అదే సమయంలో మెషీన్ లెర్నింగ్, క్లౌడ్, డేటా సైన్స్ లోపలికి వచ్చాయి. వాటికి చోటివ్వడానికి చాలా పాఠ్యక్రమాల్లో జమాఖర్చులు, ఆపరేషన్స్ రీసెర్చ్ తప్పుకున్నాయి, లేదా ఎలక్టివ్‌లయ్యాయి. కొత్తవి రావలసిందే. కోత పడింది మాత్రం సరిగ్గా ‘అప్లికేషన్’ అన్న మాటకు ఆధారమైన చోట.

తరగతి గదిలో మూడు రకాలు

కన్వీనర్ కోటా సీటుకు దారి ఏపీ ఐసెట్ ప్రవేశపరీక్ష. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. 2023, 2024లో దీన్ని నిర్వహించింది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమే. ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉంటే ఏ డిగ్రీవారైనా ఎం.సి.ఏ.కు అర్హులే. కంప్యూటర్లు చదవనివారికి అదనంగా బ్రిడ్జ్ కోర్సు ఉండాలన్నది నియమం.

కాబట్టి ఒకే బెంచీ మీద మూడు రకాల పిల్లలు కూర్చుంటారు. బి.సి.ఏ., లేదా గణితం–భౌతికం–కంప్యూటర్స్ గ్రూపు చదివినవారికి సి, జావా, డేటాబేస్ ముందే పరిచయం. బి.కాం. కంప్యూటర్స్ వారికి ట్యాలీ వచ్చు, జమాఖర్చు వచ్చు, ప్రోగ్రామింగ్ అంటే బెదురు. కెమిస్ట్రీ గ్రూపు నుంచి వచ్చినవారికి గణితం ఉంది, కీబోర్డు కొత్త. మూడేళ్ల కోర్సులో మొదటి ఏడాది వీరందరినీ ఒక దరికి చేర్చేది. ఇప్పుడా ఏడాది లేదు. బ్రిడ్జ్ కోర్సును మొదటి సెమిస్టర్ పక్కనే హడావుడిగా ముగిస్తే, తెలిసినవాడు విసుగుతోనూ తెలియనివాడు భయంతోనూ కూర్చుంటారు.

ఇక్కడ నాకు బాధ కలిగించే సంగతి ఒకటుంది. బి.కాం. నుంచి వచ్చిన పిల్లను వెనకబడినదానిగా చూడటం అలవాటైంది. లెడ్జరు, స్టాకు రిజిస్టరు, జీఎస్టీ తెలిసింది ఆమెకే. కోర్సు వదిలేసిన సగం జ్ఞానం ఆమె దగ్గరుంది. కోడ్ తెలిసినవాడినీ లెక్కల పుస్తకం తెలిసిన ఆమెనూ ఒకే జట్టులో పెట్టి పని ఇస్తే ఇద్దరూ నేర్చుకుంటారు. దీనికి కావలసింది టైంటేబుల్ వేసేవారి చొరవే.

వేరే దారి పట్టిన సంస్థ కూడా ఈ జిల్లాలోనే ఉంది. 1981లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైన పుట్టపర్తి శ్రీసత్యసాయి ఉన్నత విద్యాసంస్థలో ఎం.టెక్. కంప్యూటర్ సైన్స్ ఉంది. అక్కడ ఫీజు లేదు, ప్రవేశపరీక్ష సొంతం, విద్యార్థులందరూ హాస్టల్లోనే ఉంటారు. అంత ఎంపిక చేసిన తరగతిని అందరికీ తలుపు తెరిచే ఎం.సి.ఏ.తో పోల్చి తీర్పు చెప్పడం న్యాయం కాదు. అయినా రేయింబగళ్లు గురువు అందుబాటులో ఉండే చదువు ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు.

అట్టల్లో ఉన్న గణితం

డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ చాలామందికి మొదటి గండం. సమితులు, సంబంధాలు, తర్కం, గ్రాఫులు బోర్డు మీద గాల్లో తేలుతూ ఉంటాయి. ధర్మవరంలో వాటిని నేల మీదికి దించే యంత్రం వీధివీధినా ఉంది.

1804లో ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్ రూపొందించిన సాధనమే నేడు పట్టుమగ్గం మీద కూర్చున్న జకార్డు. అట్టలో రంధ్రం ఉంటే కొక్కెం లేస్తుంది, దానితో పడుగు దారం పైకొస్తుంది. రంధ్రం లేకపోతే రాదు. ఆ అట్టలనే 1830లలో చార్లెస్ బాబేజ్ తన అనలిటికల్ ఇంజిన్‌కు ఆదేశాలిచ్చే సాధనంగా తలచాడు. 1890 అమెరికా జనగణనలో హెర్మన్ హాలరిత్ రంధ్రాల కార్డుల మీదే లెక్కలు నడిపాడు. ఈ చరిత్రను ప్రతి పాఠ్యపుస్తకమూ మొదటి అధ్యాయంలో రెండు వాక్యాల్లో చెప్పి పోతుంది. ధర్మవరం పిల్లవాడికి అది రెండు వాక్యాల సంగతి కాదు, ఇంటి సంగతి.

ఒక లెక్క చూడండి. 240 కొక్కేల జకార్డుకు 600 అట్టల డిజైన్ ఉందనుకుందాం. ఒక్కో అట్టలో రంధ్రం ఉందా లేదా అని 240 ప్రశ్నలు. మొత్తం 1,44,000 అవును–కాదులు. ఎనిమిదేసి ఒక బైటుగా కూడితే 18,000 బైట్లు, అంటే 18 కిలోబైట్లు. ఇంత అందమైన అంచు ఫోనులోని ఒక్క ఫొటోకంటే ఎన్నో రెట్లు చిన్న ఫైలు. డిజైన్‌లో ఒకే పువ్వు పదేపదే వస్తుంటే దాన్ని ఇంకా ఎంత కుదించవచ్చు? ఎడమ సగం కుడి సగానికి అద్దంలో బొమ్మలా ఉంటే ఎంత మిగులుతుంది? బైనరీ, మాత్రికలు, సౌష్ఠవం, డేటా కంప్రెషన్ నాలుగూ ఈ ఒక్క ఉదాహరణలో ఉన్నాయి. పరీక్షలో వచ్చే ప్రశ్నలూ ఇవే, వేషం వేరు.

ల్యాబు, రికార్డు, వైవా

పాఠ్యక్రమాల మీద వచ్చే విమర్శల్లో ఎక్కువ భాగం సిలబస్ పాతదన్నదే. నా పరిశీలనలో ఈ ఫిర్యాదు సగమే నిజం. పైథాన్ వచ్చింది, మెషీన్ లెర్నింగ్ వచ్చింది, పేర్లు చూస్తే దేశంలో ఏ విశ్వవిద్యాలయానికీ తీసిపోవు. పాతబడింది ల్యాబు నడిచే తీరు. 1987లో వచ్చిన టర్బో సి నీలిరంగు తెర మీద ఇంకా ప్రోగ్రాములు నేర్పే గదులున్నాయి. రికార్డులో ఇరవై ప్రోగ్రాములు చేత్తో రాయాలి, వాటిలో ఒకటి పరీక్షలో వస్తుంది, ఔట్‌పుట్ వస్తే మార్కులు పడతాయి. పిల్లలు ప్రోగ్రామును పద్యంలా కంఠస్థం చేస్తారు. ఒక్క సెమికోలన్ పోయి ఎర్రర్ వస్తే దాన్ని వెతికే విద్య మాత్రం వారికి చేరదు.

2022 నవంబరు చివర చాట్‌జీపీటీ వచ్చాక ఈ పద్ధతికి మిగిలిన కాస్త విలువా పోయింది. ఇంటికిచ్చిన అసైన్‌మెంటుకు జవాబు క్షణంలో దొరుకుతుంది. యంత్రం రాసిన ప్రోగ్రాములో తప్పు పట్టగలవాడే ఇకపై ప్రోగ్రామర్. కాబట్టి ల్యాబు పరీక్ష తిరగబడాలి: పని చేయని ప్రోగ్రామిచ్చి బాగు చేయమనాలి, బాగు చేశాక ఎందుకు చెడిందో నోటితో చెప్పించాలి. వైవా మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఐదు నిమిషాల లాంఛనంగా మారిన దానికి అరగంట ఇవ్వడమే అసలు సంస్కరణ.

మూడు పేర్లు, ఒక పాఠం

ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 నుంచి డిగ్రీ చదువులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. తెలుగు మీడియంలో పదో తరగతి దాటినవారు ఇప్పటికీ ఈ కోర్సుకు వస్తూనే ఉన్నారు. వారికి ఇబ్బంది ప్రోగ్రామింగ్ భాషతో రాదు. అందులో ఉన్నవి కొన్ని పదుల మాటలే. ప్రశ్న అర్థం కావడంలోనూ, వైవాలో తెలిసిన సంగతి చెప్పడంలోనూ వారు చిక్కుకుంటారు. భావం తెలుగులో విడమరిచి, పదాన్ని ఇంగ్లీషులో నిలిపే ఉపాధ్యాయుడు ఈ ప్రాంతంలో ఎందరి చదువునో నిలబెట్టాడు.

తెలుగు ఇంకో విధంగా కూడా ఈ కోర్సుకు కావాలి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అని రాసి అక్షరాలు లెక్కపెట్టండి. మన కంటికి మూడూ నాలుగక్షరాల పేర్లే. యూనికోడ్‌లో గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు విడివిడి సంకేతాలు. కాబట్టి యంత్రం లెక్కలో హిందూపురం 9, పెనుకొండ 8, ధర్మవరం 7. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు చొప్పున అవి 27, 24, 21 బైట్లు. ఊరి పేరుకు 20 బైట్లు చాలునని ఎవరైనా డేటాబేస్ పట్టిక గీస్తే, ఇంగ్లీషులో మూడు పేర్లూ హాయిగా పడతాయి, తెలుగులో ఒక్కటీ పట్టదు. తిరగేసి రాయమని మామూలు ప్రోగ్రాముకిస్తే గుణింతపు గుర్తులు ఊడి పక్క అక్షరానికి తగులుకుంటాయి. భూమి పత్రాల్లో, రేషన్ కార్డుల్లో, ఓటరు జాబితాల్లో తెలుగు పేర్లతో పని ఉన్న రాష్ట్రంలో ఈ పాఠం ల్యాబులో మొదటి వారం రావాలి.

ప్రాజెక్టు: కోర్సుకు పరీక్ష ఇక్కడే

చివరి సెమిస్టరంతా ప్రాజెక్టుకే. ఈ కోర్సు గురించి ఎవరేమన్నా, అది నిలిచేదీ కూలేదీ ఇక్కడే. హైదరాబాదు అమీర్‌పేటలోనూ బెంగళూరులోనూ ప్రాజెక్టులు రెడీమేడ్‌గా దొరుకుతాయన్నది అందరికీ తెలిసిన రహస్యం. టైటిల్ ఎంచుకుంటే కోడ్, డాక్యుమెంటు, పవర్‌పాయింట్ కలిపి ఇస్తారు. లైబ్రరీ మేనేజ్‌మెంట్, ఆన్‌లైన్ షాపింగ్, లేదా ఐ.ఈ.ఈ.ఈ. పేపర్ అని పేరు పెట్టిన ఏదో ఒకటి. పిల్లల్ని నిందించి లాభం లేదు. కనిపించే సమస్య చేతికి అందనప్పుడు కనిపించని సమస్యకు పరిష్కారం కొనుక్కుంటారు.

కనిపించే సమస్యలు ఈ మూడు ఊళ్లలో కొల్లలు. ధర్మవరంలో షావుకారు నేతగాడికి పడుగు, పట్టు, జరీ తూచి ఇస్తాడు. నేసిన చీర తిరిగి తూకానికి వస్తుంది. కూలి ఎంత, ముందుగా తీసుకున్న అప్పులో ఎంత చెల్లు అన్న లెక్క ఉంటుంది. ఆ లెక్క నేతగాడికీ అర్థమయ్యేలా తెలుగులో ఫోనులో కనిపించే చిన్న పుస్తకం ఎంత మేలు చేస్తుందో ఆలోచించండి. ధర్మవరం చేనేత పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉంది. పవర్‌లూమ్ నకళ్లు దాన్ని దెబ్బతీస్తున్నాయన్న ఆవేదనా ఉంది. ఏ చీర ఏ మగ్గం మీద నేసిందో చెప్పే వ్యవస్థ మంచి డేటాబేస్ ప్రాజెక్టు.

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ ఉంది. లాట్లవారీ వేలం, నాణ్యతను బట్టి ధర, రోజుకో హెచ్చుతగ్గు. రైతు గూళ్లు ఈరోజు తేవాలా, రెండు రోజులాగాలా? గూడు ఎక్కువ రోజులు ఆగదు, లోపలి పురుగు చిమ్మటై చీల్చుకు వస్తే పట్టుదారం పోతుంది. గణాంకశాస్త్రం సిలబస్‌లోని ఏ అధ్యాయమైనా ఇక్కడ పనికొస్తుంది. అదే ఊరి చింతపండు, ఎండుమిర్చి మార్కెట్లకూ ఇదే మాట వర్తిస్తుంది.

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం ఒప్పందం 2017 ఏప్రిల్‌లో కుదిరింది. 2019 జనవరిలో ట్రయల్ ఉత్పత్తి, అదే ఏడాది డిసెంబరులో లాంఛనంగా ప్రారంభం. 2023 జులైకి పది లక్షల కార్లు బయటికొచ్చాయి. కార్ల తయారీలో విడిభాగం ముందే వచ్చి గుట్టపడితే నష్టం, ఆలస్యమైతే లైను ఆగుతుంది. ఏ భాగం ఏ నిమిషానికి ఎక్కడుండాలన్నది ఆపరేషన్స్ రీసెర్చ్ లెక్క. పాఠ్యక్రమాల నుంచి ఆ సబ్జెక్టు తప్పుకుంటున్న కాలంలోనే ఆ లెక్క మీద నడిచే కర్మాగారం మన గడపలోకి వచ్చింది.

ఖర్చు, దూరం, ఇంకో దారి

కోర్సును రెండేళ్లకు కుదించిన 2020–21లోనే మరో దెబ్బ తగిలింది. 2020 డిసెంబరులో వచ్చిన 77వ నంబరు జీవో ప్రైవేటు, ఎయిడెడ్ కాలేజీల్లో పీజీ చదివేవారికి ఫీజు రీయింబర్స్‌మెంటును ఆపింది. ప్రభుత్వ, విశ్వవిద్యాలయ కాలేజీల సీట్లకే అది మిగిలింది. విద్యార్థి సంఘాలు ఆ జీవో రద్దు కోసం గట్టిగా పోరాడాయి. ఏడాది తగ్గి మిగిలిన డబ్బు మగ్గం మీద బతికే ఇంటికి కనిపించనేలేదు. ప్రైవేటు సీటు వారికి మొత్తంగానే భారమైంది. ఈ సమీక్షలో నేను కచ్చితంగా ఒక పక్షాన నిలబడే చోటు ఇది: పేదపిల్లలకు పైచదువు తలుపుగా నిలిచిన కోర్సుకు ఫీజు సాయం తీసేయడం ఆ కోర్సు ఆశయానికే విరుద్ధం.

ఆ భారం మోయలేనివారికి ఇగ్నో దూరవిద్య ఎం.సి.ఏ. ఒక దారి. 2003లో మొదలైన ఎన్.పి.టి.ఇ.ఎల్., 2017లో వచ్చిన స్వయం అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలు ఇంకో దారి. ఒక సెమిస్టరులో 40 శాతం దాకా క్రెడిట్లు స్వయం కోర్సుల నుంచి తెచ్చుకోవచ్చని యు.జి.సి. 2021లో అనుమతించింది. ఐ.ఐ.టి. ఆచార్యుల పాఠం పెనుకొండలో ఉచితంగా వినగలగడం చిన్న సంగతి కాదు. పాఠం వినడం అక్కడ జరిగితే, కాలేజీలో మిగిలిన గంటలు చేత్తో చేసే పనికి దక్కాలి. ఆ గంటలను మళ్లీ నోట్సు చెప్పడానికి వాడితే మేలంతా వృథా.

బయటి ప్రపంచం నుంచి

అమెరికాలో అప్లైడ్ కంప్యూటర్ సైన్స్ అన్న పేరుతోనే పీజీలున్నాయి. మిస్సోరీలోని నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీలో అలాంటి ఎం.ఎస్. ఉంది, తెలుగు విద్యార్థులకు ఆ పేరు కొత్త కాదు. చాలా అమెరికన్ విశ్వవిద్యాలయాలు పదహారేళ్ల చదువు అడుగుతాయి కాబట్టి, మూడేళ్ల డిగ్రీతో పదిహేనేళ్ల దగ్గర ఆగినవారికి ఎం.సి.ఏ. ఆ లోటు తీరుస్తోంది. 2014లో జార్జియా టెక్ ఆన్‌లైన్ ఎం.ఎస్.ను మొత్తం 7,000 డాలర్ల లోపు ఫీజుతో మొదలుపెట్టి, పెద్ద చదువు చౌకగానూ ఉండగలదని చూపింది. ఇక్కడ 2024 జూన్‌లో యు.జి.సి. నాలుగేళ్ల డిగ్రీ వారికి ఏడాది పీజీ చట్రాన్ని ప్రకటించింది. కాలం మళ్లీ కుదించుకుపోవచ్చు. అప్పుడు ఏం కోస్తారన్న ప్రశ్న ఇప్పుడే తేల్చుకోవాలి.

తేలినది

సిలబస్ పేర్లు మారాయి, మంచికే. తగ్గినది కాలం. ఆ కాలంతోపాటు ఇతరుల పనిని అర్థం చేసుకునే చదువూ పోయింది. దాన్ని తిరిగి తెచ్చే దారి కొత్త సబ్జెక్టు కలపడంలో లేదు. ఉన్న సబ్జెక్టులకు ఉదాహరణ మారాలి. డిస్క్రీట్ మ్యాథమెటిక్స్‌కు జకార్డు అట్ట, గణాంకానికి పట్టుగూళ్ల వేలం, డేటాబేస్‌కు షావుకారు పుస్తకం, షెడ్యూలింగ్‌కు కార్ల లైను. ప్రాజెక్టుకు మూడు షరతులు చాలు: సమస్య జిల్లాలోదై ఉండాలి, దాన్ని అనుభవించే మనిషి ఒకరు వైవాకు వచ్చి కూర్చోవాలి, తెర మీద తెలుగు కనిపించాలి. నేతగాడు అడిగే ప్రశ్నకు జవాబు అమీర్‌పేటలో అమ్మరు.

ఉద్యోగానికి బెంగళూరు పోవడం తప్పేమీ కాదు, పోవాలి కూడా. పక్కింటి మగ్గం లెక్క ఒకసారి కట్టి చూసిన పిల్లవాడు అక్కడి బ్యాంకు లెక్కనూ తడబడకుండా పట్టుకుంటాడు. మొదలుపెట్టడానికి జీవో రానక్కర్లేదు, అకడమిక్ కౌన్సిల్ కూర్చోనక్కర్లేదు. వచ్చే సెమిస్టరు మొదటి ల్యాబులో ఉపాధ్యాయుడు బోర్డు మీద మూడు ఊళ్ల పేర్లు తెలుగులో రాసి, ఒక్కోదానిలో ఎన్ని అక్షరాలున్నాయో యంత్రాన్ని అడిగి రమ్మంటే చాలు.